ప్రింట్‌ఎఫ్ తిరిగి యిచ్చు అంకె

ఇంజనీరింగు కళాశాలలలో చదువు ముగించి ఉద్యోగపు పరీక్షలకు పోవు విద్యార్థులను చాలకాలముగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. సీ భాషలో ఒక ప్రింట్‌ఎఫ్ లోపల మరొక ప్రింట్‌ఎఫ్, దాని లోపల ఇంకొక ప్రింట్‌ఎఫ్ ఉండును. అన్నిటికంటె లోపలిదానికి 43 అను సంఖ్యను అచ్చు వేయుమని యిత్తురు. అది తిరిగి యిచ్చిన విలువను మధ్యది, మధ్యది తిరిగి యిచ్చిన విలువను వెలుపలిది అచ్చు వేయవలెను. తెరమీద ఏమి కనబడునని ప్రశ్న. జవాబు 4321. లోపలిది 43 అని వ్రాసి, తాను వ్రాసినవి రెండు గుర్తులు కనుక 2 అను విలువను తిరిగి యిచ్చును. మధ్యది ఆ 2ను వ్రాసి, వ్రాసినది ఒక్క గుర్తే కనుక 1ని తిరిగి యిచ్చును. వెలుపలిది ఆ 1ని వ్రాయును. ఈ అంకెలన్నియు ఒకదాని ప్రక్క నొకటి చేరి 4321 అగును.

ఈ పొడుపుకథను క్షణములో విప్పగల పిల్లలు మన తెలుగునాట ఎందరో కలరు. పరీక్ష గదిని దాటిన పిమ్మట వారిలో చాలమంది ప్రింట్‌ఎఫ్‌కు తిరుగు విలువ ఒకటి ఉన్నదను సంగతినే మరచిపోవుదురు. అది వారి తప్పని మేము అనజాలము. ప్రశ్నలో ఆ విలువ ఒక చమత్కారముగా కనబడినదే కాని, దానివలన కలుగు ప్రయోజన మేమో వారికి ఎవరును చెప్పియుండలేదు. ఆ విలువ ఏమి చెప్పునో, అంతకంటె ముఖ్యముగా ఏమి చెప్పదో, దానిని పొరపాటుగా అర్థము చేసికొన్నచో ఏమి జరుగునో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ముందుగా ఒక చిన్న మనవి. రేడియోలో పనిచేయు మావంటి వారికి 'ప్రోగ్రాము' అనగా నాటకమో, సంగీతమో, గ్రామస్థుల గోష్ఠియో. కంప్యూటరు వారికి ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసి యిచ్చిన ఆదేశముల వరుస. రెండును కలగలిసిపోకుండుటకై ఇచ్చట మాదానిని కార్యక్రమమనియు, వారిదానిని ప్రోగ్రామనియు అనుచున్నాము. ఒక పనిని చేసిపెట్టు ఆదేశముల కట్టకు వారు ఫంక్షను అని పేరు పెట్టిరి. ఫంక్షను పని ముగించి, పిలిచినవానికి అప్పగించు అంకెయే తిరుగు విలువ.

సీ భాషను 1970 దశకపు తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో డెనిస్ రిచీ రూపొందించెను. బ్రయన్ కెర్నిఘన్, రిచీ కలిసి 1978లో ప్రకటించిన పుస్తకములో మొట్టమొదటి ప్రోగ్రాము 'హలో, వరల్డ్' అను మాటలను తెరమీద వ్రాయును. నాటినుండి ఏ భాష నేర్చుకొనువారైనను ఆ మాటలతోనే అక్షరాభ్యాసము చేయుచున్నారు. ఆ మాటలు ఇంగ్లీషు లిపిలో కామాతోను, నడుమ ఖాళీతోను కలిపి 12 గుర్తులు. పంక్తి ముగింపు గుర్తు మరియొకటి. కావున ప్రింట్‌ఎఫ్ తిరిగి యిచ్చు విలువ 13. ఆ ప్రోగ్రాములో ఈ 13ను ఎవరును చూడరు. అది వచ్చినదారినే పోవును.

ఆ కాలమున ఈ విలువల విషయమున అన్నిచోట్ల ఒకే పద్ధతి లేదు. జ్ఞాపకపు అరలోనే వాక్యమును కూర్చు ఎస్‌ప్రింట్‌ఎఫ్ అను తోబుట్టువు, బర్క్లీ విశ్వవిద్యాలయపు యూనిక్సులో గుర్తుల సంఖ్యకు బదులు ఆ అర యొక్క చిరునామాను తిరిగి యిచ్చెడిది. ఒకచోట వ్రాసిన ప్రోగ్రాము మరియొకచోట తప్పులు చేయుట కిట్టివి కారణములయ్యెను. 1989లో అమెరికా ప్రమాణమును, 1990లో అంతర్జాతీయ ప్రమాణమును ఏర్పడిన పిమ్మట ఈ తగవు చాలవరకు తీరినది.

ప్రమాణము ననుసరించి ప్రింట్‌ఎఫ్ తాను పంపిన గుర్తుల సంఖ్యను తిరిగి యిచ్చును. లోపము సంభవించినచో ఋణసంఖ్య నొకదానిని ఇచ్చును. ఇందులో సున్న లోపము కాదు. ఏమియు లేని వాక్యమును వ్రాయుమన్నచో సున్నయే సరియైన జవాబు. సీ భాషలో సున్న తప్ప తక్కిన సంఖ్యలన్నియు 'నిజము' క్రిందికే వచ్చును, ఋణసంఖ్యయు నిజమే. కావున 'ప్రింట్‌ఎఫ్ నిజమని చెప్పినచో ముందుకు పొమ్ము' అని వ్రాసినవాడు, లోపము వచ్చినపుడు కూడ ధైర్యముగా ముందుకే పోవును. సున్నకంటె తక్కువయా అని అడుగుట ఒక్కటే సరియైన పద్ధతి.

పుట్స్ అను ఫంక్షను వాక్యమును వ్రాసి, పంక్తి ముగింపును తానే చేర్చును. అది జయించినచో ఋణము కాని ఏదో యొక సంఖ్యను ఇచ్చునని మాత్రమే ప్రమాణము చెప్పుచున్నది. లినక్సులో విశేషముగా వాడు జీలిబ్‌సీ గ్రంథాలయము గుర్తుల సంఖ్యను ఇచ్చును. ఫ్రీబీఎస్‌డీ వారిది 10ని ఇచ్చును. అది పంక్తి ముగింపు గుర్తు యొక్క సంకేతసంఖ్య. మజ్ల్ అను చిన్న గ్రంథాలయము సున్న నిచ్చును. మూడును న్యాయమే. తన యంత్రముమీద పరీక్షించి చూచి, పుట్స్ అక్షరములను లెక్కపెట్టునని నమ్మినవాడు మరియొక యంత్రముమీద మోసపోవును.

పుట్‌చార్ ఒక్క గుర్తును వ్రాసి, ఆ గుర్తునే తిరిగి యిచ్చును; లోపమైనచో ఈఓఎఫ్ అను ప్రత్యేక విలువ నిచ్చును. అది సాధారణముగా ఋణ ఒకటి. వ్రాసినది ఒక బైటే ఐనప్పుడు, తిరిగి వచ్చునది పెద్ద సంఖ్యలను పట్టు ఇంట్ రకపు విలువ యేల కావలెనని విద్యార్థులు అడుగుదురు. బైటు విలువ 0 మొదలు 255 వరకు ఉండును. ఆ 256 విలువలలో ఏ ఒక్కటియు లోపమునకు గుర్తుగా కేటాయింపబడలేదు, ప్రతిదియు వ్రాయదగినదే. లోపమునకు 257వ విలువ కావలసివచ్చినది. దానిని తెచ్చి ఒక్క బైటులో ఇరికించినచో అనేక యంత్రములలో 255 అను బైటును, ఈఓఎఫ్‌ను వేరుచేయలేము. తెలుగు పాఠములలో 255 అను బైటు రాదు కాని, మా వద్దనుండు ధ్వని ఫైళ్లలో అది సర్వసాధారణము.

తెలుగు ప్రసక్తి వచ్చినది కనుక ఇంకొక సంగతి. ప్రింట్‌ఎఫ్ లెక్కించునది అక్షరములను కాదు, బైట్లను. ఇంగ్లీషు లిపికి రెండును ఒకటే కనుక ఎవరికిని బాధ లేదు. నేడు సర్వత్ర వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదానికిని మూడు బైట్లు పట్టును. 'వార్తలు' అను మాట మన కంటికి మూడక్షరములు. కంప్యూటరు దానిని వకారము, దీర్ఘము, రేఫము, పొల్లు, తకారము, లకారము, ఉకారపు కొమ్ము అని ఏడు గుర్తులుగా దాచుకొనును. ఏడు మూళ్ళు ఇరువదియొకటి. ప్రింట్‌ఎఫ్ ఇచ్చు తిరుగు విలువ 21. శీర్షిక ఎంత పొడవున్నదో ప్రింట్‌ఎఫ్‌నే అడిగి, అన్ని గీతలను దాని క్రింద వేయు యుక్తి ఇంగ్లీషు ప్రోగ్రాములలో కద్దు. దానినే మా కార్యక్రమ పట్టికకు పెట్టగా 'వార్తలు' క్రింద ఇరువదియొక్క గీతలు సాగి కాగితపు నడుమకు పోయినవి. అది చూచి నవ్వుకొంటిమి. అటుపిమ్మట జరిగినది నవ్వదగినది కాదు.

తీరమునకు సమీపమున ఉన్న ఒక రేడియో కేంద్రములో మేము పనిచేయుచుండిన 2021వ సంవత్సరపు నవంబరు నెల సంగతి యిది. మరునాటి ఉదయమున అనౌన్సరు చేతిలో నుండవలసిన పట్టికను, అనగా ఏ నిమిషమున ఏమి చదువవలెనో, ఏ రికార్డు వేయవలెనో తెల్పు క్యూ షీటును, సాయంకాలమున తయారుచేయుటకు ఒక చిన్న ప్రోగ్రాము ఉండెడిది. దానిని వ్రాసినవాడు అప్పుడే పనిలో చేరిన ఒక యువ ఇంజనీరు. శ్రద్ధ కలవాడు. ఆ సాయంకాలము ప్రోగ్రాము నడచినది. 'పట్టిక సిద్ధమైనది' అని తెరమీద వ్రాసినది. తెల్లవారుజామున డ్యూటీ అధికారి ఫైలును తెరువగా అందులో ఒక్క అక్షరము లేదు. ఫైలు పేరు ఉన్నది, తేదీ ఉన్నది, పరిమాణము సున్న. నిన్నటి పట్టికయు లేదు. క్రొత్తదానిని వ్రాయుటకై పాతదానిని చెరిపివేయుటయే ప్రోగ్రాము చేసిన మొదటి పని. బంగాళాఖాతములో అల్పపీడనమున్న దినములవి. మత్స్యకారులకు ఇవ్వవలసిన హెచ్చరిక ఆ పట్టికలోనే ఉన్నది. డ్యూటీ అధికారి ఫోనులు చేసి, వాతావరణ శాఖనుండి పాఠమును మరల తెప్పించుకొని చదివించునప్పటికి పదునొకండు నిమిషములు ఆలస్యమైనది. ఎవరికిని హాని కలుగలేదని పిమ్మట తెలిసినది. ఐనను ఆ పదునొకండు నిమిషములు మాకు నేటికిని జ్ఞాపకమున్నవి.

ఆ యువకుని పిలిచి, తిరుగు విలువలను చూడకుండ వ్రాసితివా యని మేము కొంత కోపముగనే అడిగితిమి. అతడు చిన్నబుచ్చుకొని, "ప్రతి లైనుకూ చూశానండీ. ఒక్కటి కూడా మైనస్ రాలేదండీ" అనెను. ప్రోగ్రామును తెచ్చి చూపించెను. నిజమే. ఫైలులో వ్రాయు ప్రతి ప్రింట్‌ఎఫ్ వెంట పరీక్ష ఉన్నది. ప్రతి పంక్తియు వ్రాయబడినదని ఆ విలువలు సాక్ష్యమిచ్చినవి. డిస్కు మాత్రము ఆ రాత్రి పాత ధ్వనిముద్రణలతో నిండి, ఒక్క బైటునకైనను చోటులేక యున్నది.

అతనిని కోపించుట తప్పని మాకు తెలియుటకు ఆ సాయంకాలము వరకు పట్టినది. ప్రింట్‌ఎఫ్ అబద్ధమాడలేదు. అది చెప్పినదానికంటె ఎక్కువగా మేమే అర్థము చేసికొంటిమి.

రైతు తన ధాన్యమును కుంచము కుంచముగా సంతకు మోయడు. కళ్ళమునుండి ఒక్కొక్క కుంచమును బండిలో పోయును. బండి నిండిన తరువాతనే సంతకు తోలును. సీ గ్రంథాలయపు పద్ధతియు అట్టిదే. డిస్కుమీద వ్రాయవలెనన్న ఆపరేటింగ్ సిస్టమును ప్రార్థింపవలెను. ఒక్కొక్క ప్రార్థనకు కొంత కాలవ్యయము. అందుచేత ప్రింట్‌ఎఫ్, పుట్స్, పుట్‌చార్ అన్నియు తమ అక్షరములను ముందు బఫరు అను తొట్టిలో పోయును. ఫైలు విషయమున ఆ తొట్టి తరచుగా 4096 బైట్లు పట్టును. అది నిండినపుడో, ఫైలును మూయునపుడో, ఖాళీ చేయుమని ఎఫ్‌ఫ్లష్ అను ఫంక్షను ద్వారా ఆజ్ఞాపించినపుడో సరుకు నిజముగా కదలును. ప్రింట్‌ఎఫ్ ఇచ్చు అంకె బండిలో పడిన కుంచముల లెక్క. సంతలో దిగిన ధాన్యపు లెక్క కాదు. మా పట్టిక మూడువేల బైట్లకు మించదు. మొదటి పంక్తి మొదలు చివరి పంక్తి వరకు అంతయు తొట్టిలోనే ఇమిడినది. ప్రతి ప్రింట్‌ఎఫ్‌కు జయము కలిగినది. ఫైలును మూయు ఎఫ్‌క్లోజ్ వచ్చి బండి తోలబోగా సంతలో చోటులేదని తెలిసినది. ఎఫ్‌క్లోజ్‌కును తిరుగు విలువ ఉన్నది: జయమైన సున్న, లోపమైన ఈఓఎఫ్. ఆ ఈఓఎఫ్ వచ్చినది. దానిని చూచువాడు లేకపోయెను.

స్టూడియోలో పనిచేయువారికి ఇది క్రొత్త పాఠము కాకూడదు. మేము మైకు ముందు మాటలాడుచుండగా కంట్రోలు గదిలో మీటరు ముల్లు ఊగుచుండును. అది ఊగుచున్నదనగా మా గొంతు ఆ బల్లదాక వచ్చినదని అర్థము. మైళ్ళ దూరములోనున్న ట్రాన్స్‌మిటరు పనిచేయుచున్నదని కాదు. అందుకే డ్యూటీ గదిలో ప్రత్యేకముగా ఒక రేడియో సెట్టును పెట్టి, ఆకాశమునుండి వచ్చినదానిని వినుచుందుము. ముప్పది మాటలు చెప్పి ముల్లు ఊగినది చాలునని లేచిపోవు అనౌన్సరును ఎవరును మెచ్చరు.

పరీక్షా కాలములో ఈ లోపము బయటపడకపోవుటకు వేరొక కారణము కలదు. అక్షరములు పోవునది తెరమీదికైనచో తొట్టి నిండువరకు ఆగరు. సాధారణముగా పంక్తి ముగియగనే పంపివేయుదురు. మనుష్యుడు ఎదురుచూచుచుండునుగదా! కావున విద్యార్థి తన గదిలో తెరమీద పరీక్షించినపుడు అంతయు వెంటనే కనబడును, తెర నిండిపోవుటయు ఉండదు. అదే ప్రోగ్రాము మరునాడు ఫైలులోనికి వ్రాయునపుడు పద్ధతి మారును. ప్రోగ్రాములో ఒక్క అక్షరము మారదు. లోపములను చెప్పుటకై ప్రత్యేకించిన స్టాండర్డ్ ఎర్రర్ అను మార్గమునకు మాత్రము నిండువరకు నిరీక్షించు తొట్టి ఉండదు. ఆపదను చెప్పువాడు ఆలసింపరాదని కాబోలు.

లినక్సు యంత్రమున్నవారు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. అందులో డెవ్ అను సంచయములో ఫుల్ అను పేరుగల ఒక చిత్రమైన పరికరపు ఫైలు కలదు. దానిలో ఏమి వ్రాయబోయినను 'చోటు లేదు' అను జవాబే వచ్చును. నిండిన డిస్కువలె నటించుటయే దాని పని. పుస్తకములోని 'హలో, వరల్డ్' ప్రోగ్రామును నడిపించి, దాని వ్రాతను ఈ ఫైలులోనికి మళ్ళించి చూడుడు. ప్రింట్‌ఎఫ్ 13 అనును. ప్రోగ్రాము ముగియునపుడు తొట్టి ఖాళీ చేయబడబోవును, ఆపరేటింగ్ సిస్టము నిరాకరించును, ఆ నిరాకరణ ఎవరి చెవినబడకయే పోవును. ప్రోగ్రాము లోకమునకు వదలు చివరి మాట సున్న, అనగా జయము. పదమూడు బైట్లలో ఒక్కటియు ఎక్కడికిని చేరలేదు. ప్రపంచములోని ప్రోగ్రామరులందరును మొదటి దినమున వ్రాసిన ప్రోగ్రాము ఈ చిన్న పరీక్షలో తప్పినదనుట మాకు కొంత వినోదముగను, కొంత భయముగను తోచినది.

భయమేల యన్నచో, ఈ చివరి సున్నను నమ్మి ఇతర ప్రోగ్రాములు పనిచేయును. పాత ఫైలును వరుసక్రమములో పెట్టి క్రొత్త ఫైలులో వ్రాయుము, అది జయమైనచో పాతదానిని తీసివేయుము అని ఒకే పంక్తిలో ఆజ్ఞ వ్రాయుట యూనిక్సు వాడువారికి దినచర్య. మొదటి ప్రోగ్రాము ఊరకే జయమని చెప్పినచో రెండవది నిజముగనే పాతదానిని తీసివేయును. అప్పుడు క్రొత్తది లేదు, పాతదియు లేదు.

గ్నూ సంస్థ వారి కోర్‌యుటిల్స్ అను పనిముట్ల సంపుటిని చాలకాలముగా పోషించుచున్న జిమ్ మేయరింగ్ ఈ లోపమును గట్టిగా పట్టించుకొన్నవారిలో ఒకడు. ఆ సంపుటిలో క్యాట్, ఎల్ఎస్, సార్ట్ మొదలైనవి ఉన్నవి. అవి ముగియుటకు ముందు క్లోజ్-స్టడ్అవుట్ అను ఒక చిన్న ఫంక్షనును పిలుచును. అది చేయునది రెండు పనులు. ఇంతవరకు ఎప్పుడైనను లోపము సంభవించినదా యని ఎఫ్‌ఎర్రర్ అను ఫంక్షనును అడుగును. పిదప ఫైలును మూసి ఎఫ్‌క్లోజ్ విలువను చూచును. రెండును కావలెను. నడుమ ఎప్పుడో తొట్టి నిండి ఖాళీచేయుటలో లోపము వచ్చి, పిమ్మట చోటు దొరకి, చివరి మూత సవ్యముగా జరుగవచ్చును. అప్పుడు ఎఫ్‌క్లోజ్ ఒక్కదానినే అడిగినవాడు నడుమ పోయిన సరుకును కనుగొనలేడు. ఎఫ్‌ఎర్రర్ గుర్తు మాత్రము ఒకసారి ఎత్తిన పిమ్మట, ఎవరో పనిగట్టుకొని దింపువరకు దిగదు.

ఇది తెలిసిన పిమ్మట ప్రతి ప్రింట్‌ఎఫ్ వెంటను పరీక్ష వ్రాయుట ఎందులకు? అక్కరలేదనియే మా అభిప్రాయము. నూరు పంక్తులు వ్రాయుచోట నూరు పరీక్షలు పెట్టినచో ప్రోగ్రాము చదువరాకుండ పోవును, మా యువకుని అనుభవము చూపినట్లు ఫలము కూడ ఉండదు. వెనుకటి కాలమున లింట్ అను పరీక్షక సాధనము తిరుగు విలువలను వదలివేయుటను ఎత్తిచూపెడిది. దాని నోరు మూయుటకై కొందరు ప్రతి ప్రింట్‌ఎఫ్ ముందును 'ఈ విలువ నాకు వలదు' అను అర్థమిచ్చు వాయిడ్ అను మాటను తగిలించిరి. అది పరీక్షకు జవాబు కాదు, పరీక్షకుని వారించుట. చివర ఒక్కచోట, గుర్తును అడిగి, మూసి, మూతను అడుగుట చాలును. చాల దీర్ఘకాలము నడచు ప్రోగ్రాములైనచో నడుమ నడుమ ఎఫ్‌ఫ్లష్ చేసి అడుగుట మేలు. మూడు గంటలు పనిచేసి తుదకు మొదటి నిమిషముననే సరుకు పోయినదని తెలిసికొనుట ఎవరికి ఇష్టము?

ఒక్కచోట మాత్రము ప్రింట్‌ఎఫ్ జాతివాని విలువను వెనువెంటనే చూచి తీరవలెను. అది ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్. ఇంత చోటున్నది, దానిని మించకుండ వ్రాయుమని దానికి చెప్పుదుము. 1999 నాటి ప్రమాణము ననుసరించి అది తిరిగి యిచ్చునది వ్రాసిన సంఖ్య కాదు. చోటు చాలియున్నచో ఎంత వ్రాసియుండెడిదో ఆ సంఖ్య. పది బైట్ల చోటులో 21 బైట్ల 'వార్తలు' పెట్టబోయినచో తొమ్మిది బైట్లు మాత్రమే పెట్టి, పదవదానిని ముగింపు గుర్తుకు వదలి, 21 అని చెప్పును. ఇది తెలియక, వ్రాసినది 21 అనుకొని తరువాతి మాటను ఇరువదియొకటవ స్థానమునుండి మొదలుపెట్టినవారు తమ చోటును దాటి పరుల చోటును చెరచిరి. కంప్యూటరు భద్రతలో పడిన కన్నములలో ఇట్టివి కొన్ని కలవు. ప్రమాణమునకు ముందటి జీలిబ్‌సీ ఇట్టి సందర్భమున ఋణ ఒకటి ఇచ్చెడిది; మైక్రోసాఫ్టు వారి సాధనములో ప్రమాణానుసారమగు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ 2015లో గాని రాలేదు.

వ్రాయువాడు వ్రాయుచుండగా వినువాడు లేచిపోవు సందర్భమును ఒకటి చెప్పి ముందుకు పోవుదుము. యూనిక్సులో ఒక ప్రోగ్రాము వ్రాతను మరియొకదానికి గొట్టము ద్వారా అందింపవచ్చును. రెండవది తనకు కావలసిన పది పంక్తులు తీసికొని వెళ్ళిపోయిన పిమ్మట మొదటిది ఇంకను వ్రాయబోయినచో, తిరుగు విలువ మాట అటుంచి, ఆపరేటింగ్ సిస్టము సిగ్‌పైప్ అను సంకేతము పంపి దానిని అక్కడికక్కడే ముగించును. వినువారు లేనిచోట ఉపన్యసించుట నేరమని యూనిక్సువారి తీర్పు. మా వృత్తిలో నున్నవారికి ఇది కొంచెము కఠినముగనే తోచును.

సీ భాషకే ఈ వ్యాధి అంటినదని తలపరాదు. జావాలో తెరమీద వ్రాయు సాధనము వ్రాతలోని లోపములను బయటికి చెప్పదు. చెక్‌ఎర్రర్ అని పనిగట్టుకొని అడిగిన వారికే చెప్పును. పైథాన్ కొంత మేలు: ముగింపున తొట్టిని ఖాళీ చేయలేకపోయినచో ఫిర్యాదు వ్రాసి, 2016లో వచ్చిన 3.6వ కూర్పునుండి 120 అను సంఖ్యతో నిష్క్రమించును.

ఎఫ్‌క్లోజ్ సున్న చెప్పినంతమాత్రమున అక్షరములు డిస్కుమీద స్థిరపడినవా? లేదు. అవి గ్రంథాలయపు తొట్టినుండి ఆపరేటింగ్ సిస్టము యొక్క తొట్టిలోనికి మారినవి. అది తన తీరికనుబట్టి కొన్ని సెకండ్లకు డిస్కునకు పంపును. నడుమ విద్యుత్తు పోయినచో అవియు పోవును. స్థిరపడువరకు ఆగుమని చెప్పుటకు ఎఫ్‌సింక్ అను మరియొక పిలుపు కలదు. దాని విలువను చూచుటలో కూడ సూక్ష్మమున్నది. పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధమైన దత్తాంశ నిలయమును నిర్మించువారు 2018లో కలవరపడిన సంగతి యిది: లినక్సులో ఎఫ్‌సింక్ ఒకసారి లోపమని చెప్పిన పిమ్మట, మరల అడిగినచో జయమని చెప్పవచ్చును, పోయిన పుటలు మాత్రము పోయినట్లే. మొదటిమారు చెప్పినపుడే చెవియొగ్గవలెను. 2019లో వారు తమ ప్రోగ్రామును మార్చి, ఎఫ్‌సింక్ లోపము చెప్పిన తక్షణమే పని నిలిపి, తమ చిట్టానుండి మరల ప్రారంభించునట్లు చేసిరి. ఒక పొర చెప్పు మాట తనవరకే నిజమని వారికిని అంత ఆలస్యముగా తెలియుట చూడగా, మా యువకుని విషయమున మేము చూపిన కోపము మరింత అనవసరముగా తోచుచున్నది.

ఆ పట్టిక ప్రోగ్రామును అతడే దిద్దెను. ఇప్పుడది పాత పట్టికను ముట్టదు. క్రొత్త పట్టికను వేరొక పేరుతో వ్రాయును; ఎఫ్‌ఎర్రర్‌ను అడుగును; ఎఫ్‌ఫ్లష్ చేయును, ఎఫ్‌సింక్ చేయును, ఎఫ్‌క్లోజ్ చేయును, ప్రతిదాని విలువను చూచును. అన్నియు సవ్యమైన పిమ్మటనే క్రొత్తదానికి పాతదాని పేరు పెట్టును. ఏ ఒక్కటి తప్పినను క్రొత్తదానిని పారవేసి, స్టాండర్డ్ ఎర్రర్‌మీద ఒక పంక్తి వ్రాసి, సున్న కాని సంఖ్యతో నిష్క్రమించును. ఆ పంక్తి కూడ వ్రాయబడనిచో ఏమి చేయుదువని మేము అడిగితిమి. "అప్పుడు చివరి సంఖ్య ఒక్కటే మిగులుతుందండీ. దాన్ని చూసి డ్యూటీ రూములో ఎర్రదీపం వెలిగేలా పెట్టాను" అనెను.

2022 జూలైలో డిస్కు మరల నిండినది. 'పట్టిక వ్రాయబడలేదు, డిస్కులో చోటు లేదు' అను పంక్తి రాత్రి 8 గంటల 40 నిమిషములకు డ్యూటీ గది తెరమీదికి వచ్చినది, దీపము వెలిగినది. డ్యూటీ అధికారి పాత ధ్వనిముద్రణలు కొన్నిటిని వేరొక డిస్కునకు తరలించి ప్రోగ్రామును మరల నడిపించెను. తొమ్మిది కాకముందే పట్టిక అచ్చయి బల్లమీద ఉన్నది. 'వార్తలు' క్రింద మాత్రము ఇరువదియొక్క గీతలు అట్లే ఉన్నవి.